పెద్దనాయన రెండెకరాలు ఎక్కడికి పోయాయి? కార్డినాలిటీ ఈజీగా నేర్చుకుందాం

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, నేను చేసిన ఒక తప్పు.

పత్తికొండ దగ్గర మా ఇంటివాళ్ల పొలాల లెక్క కోసం చిన్న యాప్ చేశాను. ఒక సర్వే నంబర్‌కు ఒకే రైతు అని పెట్టేశా. నాయన పేరు ఎక్కించగానే అదే నంబర్‌లో ఉన్న పెద్దనాయన పేరు పోయింది. "నా రెండెకరాలు యాడికి పోయినాయిరా?" అన్నాడాయన.

తప్పు ఫోన్‌ది కాదు, నా డిజైన్‌ది. 1976లో పీటర్ చెన్ వివరించిన ఈఆర్ మోడల్‌లో, ఒకదానికి అవతలి వైపు ఎన్ని ఉండొచ్చో చెప్పే నియమమే కార్డినాలిటీ. ఇందులో మూడు రకాలు:

• ఒకటి–ఒకటి: డ్యూయల్ సిమ్ ఫోన్‌లో ఒక్కో స్లాట్‌కు ఒక్కో ఐఎంఈఐ.
• ఒకటి–అనేకం: జిల్లాకు చాలా మండలాలు, మండలానికి ఒకే జిల్లా. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయినా ఈ నియమం మారలేదు.
• అనేకం–అనేకం: సర్వే నంబర్లు, ఖాతాలు.

మూడోది మీభూమి సైట్‌లోనే కనిపిస్తుంది. అడంగల్‌లో ఒక సర్వే నంబర్ కింద పలువురు పట్టాదారులు ఉండొచ్చు. 1-బిలో ఒక ఖాతా కింద పలు సర్వే నంబర్లు ఉండొచ్చు. నేను ఒకవైపు నుంచే చూశాను.

పరిష్కారం: మధ్యలో మూడో టేబుల్. అందులో సర్వే నంబర్, ఖాతా, విస్తీర్ణం. ఆ రెండెకరాలు నంబర్‌వీ కాదు, ఖాతావీ కాదు. ఆ రెంటి జతవి.

కనీసం ఎన్ని అన్నదీ చూడాలి. ప్రభుత్వ భూమికి పట్టాదారు లేకపోవచ్చు, కాబట్టి అక్కడ కనీసం 0.

టేబుల్ చేసే ముందు రెండు వైపుల నుంచీ అడగండి: కనీసం ఎన్ని? గరిష్ఠంగా ఎన్ని? పెద్దనాయన పొలం ఇప్పుడు స్క్రీన్ మీద ఉంది!