పాత ట్రాక్టరు – ఇంజను ఆయిలు

ఏండ్ల తరబడి దున్నిన ట్రాక్టరు నీలిపొగ వదలుచున్నచో పిస్టను రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఆయిలు మండిపోవుచున్నదని తెలియవలెను. దీనికి మందని అంగళ్లలో చిన్న డబ్బాలు అమ్ముదురు. వానిలో పెక్కు ఆయిలును చిక్కబరచునవే. నాలుగు దినములు పొగ తగ్గును గాని అరిగిన రింగు తిరిగి పెరగదు. పైగా చలికాలపు ఉదయమున చిక్కని ఆయిలు బేరింగులకు ఆలస్యముగా చేరి వానిని కూడ అరగదీయును.

సింథటిక్ ఆయిలు మంచిదే. వేడికి త్వరగా చెడదు. కాని గట్టిపడిన పాత సీళ్ల వద్ద కారవచ్చును. ఆయిలు త్రాగు ఇంజనులో దానిని పోయుట డబ్బును పొగపెట్టుటయే. పెక్కు ట్రాక్టర్లకు 15డబ్ల్యు-40 మామూలు ఆయిలు సరిపోవును. మీ ట్రాక్టరు పుస్తకములోని గ్రేడు చూచి, అందు చెప్పిన గంటలకు ఫిల్టరుతో సహా మార్చుడు. కొలపుల్లపై ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు చేరినదన్నమాట; మట్టము పెరిగి డీజిలు వాసన వేసినచో డీజిలు కలిసినది. వెంటనే ఇంజను ఆపి మెకానిక్కుకు చూపవలెను.

ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్లలో పెక్కింటికి బ్రేకు పళ్లెములు గేరుపెట్టె ఆయిలులోనే మునిగియుండును. రాపిడి తగ్గించు డబ్బా మందు అందులో పోసినచో, ధాన్యపు ట్రైలరుతో చెరువుగట్టు దిగునపుడు బ్రేకు పట్టకపోవచ్చును. అందులో కంపెనీ చెప్పిన ఆయిలు తప్ప మరేదియు పోయరాదు.