పిల్లల ఒంటి వాసన – పెద్దల బాధ్యత

గత వేసవి సెలవులకు కొద్ది రోజుల ముందు సంగతి ఇది. నారాయణఖేడ్‌లో నేను చదువు చెప్పే మక్తబ్‌కు ఏడేళ్ళ పాప ఒకతె వచ్చేది. ఖాయిదా పూర్తిచేసి అమ్మ పారా మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చున్న పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. పాఠం చెడిపోతోందన్న విసుగుతో నేను ఆ పాపను లేపి, తలుపు దగ్గర గాలి తగిలే చోట విడిగా కూర్చోబెట్టాను. మర్నాటి నుంచి ఆమె రావడం మానేసింది.

నాలుగో రోజు ఆమె తల్లి వచ్చి గుమ్మం బయటే నిలబడి ఇలా అన్నది: “మౌల్వీ సాబ్! రోజుకు రెండుసార్లు స్నానం చేయిస్తున్నాను. నిన్న కోపం పట్టలేక కొట్టాను కూడా. అయినా సాయంత్రానికి పెద్దవాళ్ళకు వచ్చినట్టు చంకల్లో వాసన వస్తోంది. ఇంత చిన్న పిల్లకు ఇదేమిటి? మా అత్తమ్మ నజర్ తగిలిందంటున్నారు. ఇరుగుపొరుగు వాళ్ళేమో పిల్ల పెద్దదైపోతోందంటున్నారు.”

ఆ తల్లికి చెప్పడానికి ఆ పూట నా దగ్గర జవాబు లేదు. తర్వాత పిల్లల డాక్టరును అడిగి, ఫికహ్ గ్రంథాలు తిరగేసి తెలుసుకున్న విషయాలను ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఇలాంటి మాట పైకి చెప్పుకోలేక బాధపడే ఇళ్ళు ఇంకా ఉంటాయి.

చెమట అపవిత్రం కాదు

మొదట ఒక ధర్మ విషయం. మనిషి చెమట పరిశుద్ధమైనదే (పాక్). ఎంత చెమట పట్టినా, వాసన వచ్చినా వుజూ భంగం కాదు, బట్టలు నాపాక్ కావు. కాబట్టి చెమట వాసన వచ్చే పిల్లను నాపాక్ అనడం పెద్ద పొరపాటు. అయితే తోటివారికి ఇబ్బంది కలగకుండా చూసుకోవడం ఇస్లాం నేర్పిన మర్యాద. హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. మదీనా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం దుమ్ములో నడిచి జుమాకు వచ్చేవారు. వారి ఒంటి నుంచి చెమట వాసన వచ్చేది. అప్పుడు దైవప్రవక్త (స) వారిని మస్జిదు నుంచి వెళ్ళగొట్టలేదు. ఈ రోజు కోసం మీరు శుభ్రపడితే బాగుండును అన్న భావం వచ్చేలా మృదువుగా చెప్పారు. నేను నా మక్తబ్‌లో చేసిన పనిని ఈ హదీసు పక్కన పెట్టి చూసుకుంటే నాకే సిగ్గు వేసింది.

వాసన ఎందుకు వస్తుంది?

అల్లాహ్ మన చర్మంలో రెండు రకాల స్వేద గ్రంథులను ఉంచాడు. మొదటి రకం ఒళ్ళంతా ఉంటాయి. వీటి నుంచి వచ్చేది చాలావరకు ఉప్పునీరు. ఒంటిని చల్లబరచడం దీని పని. రెండో రకం ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో ఉంటాయి. ఇవి పసితనంలో నిద్రాణంగా ఉంటాయి. వీటి నుంచి చిక్కని స్రావం వస్తుంది. తాజాగా వచ్చినప్పుడు దానికి వాసన దాదాపు ఉండదు. చర్మం మీద సహజంగా నివసించే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది.

ఈ రెండో రకం గ్రంథులను మేలుకొలిపేది మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోను. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వయసు మధ్య ఈ హార్మోను మెల్లగా పెరగడం మొదలవుతుంది. కొందరు పిల్లల్లో ఇది కాస్త ముందే, కాస్త ఎక్కువగా జరుగుతుంది. అప్పుడు పెద్దల మాదిరి చెమట వాసన, జిడ్డు చర్మం, ఒకటి రెండు మొటిమలు, చంకల్లో నాలుగు వెంట్రుకలు కనిపించవచ్చు. బరువు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఇది కొంత ఎక్కువగా కనబడుతుంది. చాలామందిలో ఇది ప్రమాదం లేని మార్పే. ఇందులో పిల్ల తప్పు గాని, తల్లి అశ్రద్ధ గాని లేదు.

నజర్ విషయానికి వస్తే, అది సత్యమేనని హదీసులో ఉంది. దుఆ చదివి ఊదడానికి అభ్యంతరం లేదు. అయితే వైద్యం చేయించుకోమని ఆదేశించింది కూడా మన ప్రవక్తే (స). ఒకటి చేసి రెండోది వదిలేయడం సరికాదు.

పిల్ల బాలిగ్ అయినట్టేనా?

ఆ తల్లి అడగలేక అడిగిన ప్రశ్న ఇదే. హనఫీ ఫికహ్ ప్రకారం ఆడపిల్ల తొమ్మిదేళ్ళకు ముందు, మగపిల్లవాడు పన్నెండేళ్ళకు ముందు బాలిగ్ కారు. ఆ వయసు దాటాక ఆడపిల్లకు నెలసరి, మగపిల్లవాడికి స్వప్న స్ఖలనం వంటి గుర్తులతో బాలిగ్ అవుతారు. ఏ గుర్తూ కనిపించకపోతే చంద్రమాన లెక్కలో పదిహేనేళ్ళు నిండితే అవుతారు. చెమట వాసన గాని, చంకలో వెంట్రుకలు గాని ఆ గుర్తుల్లో లేవు. కాబట్టి ఏడేళ్ళ పాపకు నమాజు అలవాటు చేయాలి గాని, వాసన వచ్చిందని రోజాలు ఫర్జ్ అయ్యాయనుకోకూడదు. ఆటలు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం. చంకలో వెంట్రుకలు వచ్చి ఇబ్బందిగా ఉంటే తల్లి జాగ్రత్తగా కత్తిరించవచ్చు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఆడపిల్లకు ఎనిమిదేళ్ళ లోపు, మగపిల్లవాడికి తొమ్మిదేళ్ళ లోపు పెద్దల మాదిరి వాసన మొదలైతే ఒకసారి పిల్లల డాక్టరుకు చెప్పడం మంచిది. దానితోపాటు ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు:

1. మర్మస్థానంలో వెంట్రుకలు రావడం, ఆడపిల్లకు ఛాతీ పెరగడం, మగపిల్లవాడికి వృషణాలు పెరగడం.
2. కొద్ది నెలల్లోనే చొక్కాలు, చెప్పులు చాలనంత వేగంగా ఎత్తు పెరగడం, గొంతు మారడం, మొటిమలు ఎక్కువ కావడం.
3. ఒక ముక్కు రంధ్రం నుంచే చీము, దుర్వాసన రావడం. చిన్న పిల్లలు చింతగింజో, పూసో, శనగగింజో ముక్కులో దూర్చుకుని చెప్పరు. తల్లి ఒళ్ళంతా వాసన అనుకుంటుంది. దీన్ని ఇంట్లో పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.
4. పాలు తాగే పసిపాప నుంచి వింత వాసన వస్తూ, పాలు తాగకపోవడం, మగతగా ఉండటం. ఇది పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

డాక్టరు ఎత్తు, బరువు చూసి, అవసరమైతే ఎముకల వయసు తెలుసుకోవడానికి ఎడమ చేతికి ఎక్స్‌రే, రక్త పరీక్ష రాస్తారు. నారాయణఖేడ్ ఆసుపత్రిలో చూపించాక అవసరాన్ని బట్టి సంగారెడ్డికో, హైదరాబాదు నిలోఫర్‌కో పంపుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి కూడా ఈ సంగతి చెప్పవచ్చు.

ఇంట్లో చేయవలసినవి

వేసవిలో మన వైపు నీటికి కటకట అని అందరికీ తెలుసు. కాని శుభ్రతకు ఎక్కువ నీళ్ళు అక్కరలేదు. దైవప్రవక్త (స) ఒక సాఅ్ నీటితో, అంటే నేటి లెక్కలో సుమారు మూడు లీటర్లతో గుస్ల్ చేసేవారని హదీసుల్లో ఉంది. బిందెల కొద్దీ గుమ్మరించడం కంటే, చంకలు, గజ్జలు, మెడ, కాలివేళ్ళ సందులు మామూలు సబ్బుతో కడిగి, పొడి బట్టతో పూర్తిగా తుడవడం ముఖ్యం. తడి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. బడి నుంచి రాగానే ఒకసారి ఆ భాగాలు కడిగితే చాలు.

వాసన సగం బట్టల్లోనే దాగి ఉంటుంది. నైలాన్, పాలిస్టర్ బదులు నూలు బట్టలు వేయండి. నిన్నటి యూనిఫారమ్ మళ్ళీ తొడగకండి. చంక భాగాన్ని తిరగేసి ఉతికి ఎండలో ఆరవేయండి. మేజోళ్ళు, హిజాబు కూడా రోజూ మార్చాలి. ఉల్లి, వెల్లుల్లి, మెంతులు ఎక్కువైతే ఒంటి వాసన మారుతుంది. వాటిని పూర్తిగా మాన్పించనక్కరలేదు, తగ్గించి చూడండి.

కొన్ని పనులు చేయకండి. నిమ్మకాయ, వంటసోడా చర్మానికి రుద్దితే మంట పుడుతుంది. పసిపిల్లలకు పౌడరు గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ గోళీలు కొందరు పిల్లల రక్తానికి హాని చేస్తాయి. అత్తరు సున్నతే గాని, పిల్లలకు చర్మం మీద కాక బట్టల మీద ఒక చుక్క చాలు. పెద్దల డియోడరెంట్లు డాక్టరును అడిగాకే వాడండి.

మాటతో చేసే గాయం

ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ హుజురాత్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఆజ్ఞ పిల్లలకు నేర్పవలసింది మనమే. హజ్రత్ అనస్ (రజి) పసివయసు నుంచి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని ఆయనే సాక్ష్యం చెప్పారు. మన పిల్లలు పదేళ్ళ తర్వాత మన గురించి ఏమి చెబుతారు?

పిల్లకు చెప్పవలసిన మాట చాటుగా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. “బేటా, నీ ఒళ్ళు పెరుగుతోంది, అందరికీ ఇలాగే అవుతుంది, మనం ఇలా కడుక్కుందాం” అంటే సరిపోతుంది. తోబుట్టువుల ముందు, చుట్టాల ముందు ఆ ఊసే ఎత్తవద్దు.

నేను ఆ పాప ఇంటికి వెళ్ళి, తండ్రి సమక్షంలో “తప్పు నాదే బేటా” అన్నాను. ఆమె తల వంచుకుని, “మళ్ళీ తలుపు దగ్గర కూర్చోవాలా?” అని మాత్రం అడిగింది. మరుసటి రోజు నుంచి మక్తబ్‌లో పాఠానికి ముందు పిల్లలందరి చేత వుజూ చేయిస్తున్నాను, నాతో సహా. ఆ పాప ఇప్పుడు తన పాత చోటనే కూర్చుంటోంది. డాక్టరు చూసి భయపడవలసింది లేదనీ, ఆరు నెలలకోసారి ఎత్తు కొలిపించమనీ చెప్పారు.

అల్లాహ్ మన పిల్లల శరీరాలను, మనసులను ఆరోగ్యంగా ఉంచుగాక! వారి విషయంలో మన నాలుకలను అదుపులో పెట్టే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.