చీతా వీర్యాన్ని ఎందుకు దాస్తున్నారు?

మాలో చాలామందిమి పాడి ఉన్న ఇళ్ళ నుంచి హాస్టల్‌కు వచ్చినవాళ్ళమే. గేదె ఎదకు వస్తే గోపాలమిత్ర వచ్చి, పొగలు వచ్చే క్యానులోంచి సన్నని స్ట్రా తీసి ఎద సూది వేయడం చూశాం. ఆ క్యానులో ఉండేది ద్రవ నత్రజని. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. ఆ చలిలో వీర్యం ఏళ్ళ తరబడి పాడవదు. అడవి జంతువుల వీర్యాన్నీ ఇలాగే దాస్తున్నారు. అందుకు చీతా మంచి ఉదాహరణ.

చీతా, మన చిరుతపులి ఒకటి కావు. ఆఫ్రికాలో ఉన్న చీతాలు దాదాపు 7 వేలే. సుమారు 10 వేల ఏళ్ళ క్రితం ఈ జాతి బాగా తగ్గిపోయి, మిగిలిన కొద్దిపాటి చీతాల నుంచే మళ్ళీ పెరిగింది. అందుకే ఇవన్నీ దగ్గరి చుట్టాల్లాంటివి. మేనరికాలు తరతరాలుగా సాగితే పిల్లలకు జన్యు లోపాలు రావచ్చని డాక్టర్లు చెప్పడం మనం వింటూనే ఉన్నాం కదా! చీతాలో ఈ ప్రభావం వీర్యంలోనే కనిపించింది. 1983లో ప్రచురించిన పరిశోధనలో చీతా శుక్రకణాల్లో 71 శాతం వంకర తోకలు, వికారమైన తలలు వంటి లోపాలతో ఉన్నాయి. పెంపుడు పిల్లిలో ఇవి 29 శాతమే. పైగా చీతా వీర్యంలో శుక్రకణాల సంఖ్య పిల్లిలో కంటే పది రెట్లు తక్కువ.

నిల్వ చేసే విధానం: మగ చీతాకు మత్తు ఇచ్చి వీర్యం సేకరిస్తారు. అందులో గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ కలుపుతారు. మామూలుగా గడ్డకడితే మంచు స్ఫటికాలు కణాన్ని చీలుస్తాయి. గ్లిజరాల్ ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఈ సంగతి కనుగొన్నారు. అయినా కరిగించినప్పుడు చాలా శుక్రకణాల తలపై టోపీలా ఉండే ఆక్రోసోమ్ దెబ్బతింటుంది. అండంలోకి దారి చేసే ఎంజైములు ఉండేది అందులోనే.

ఆడ చీతాతోనూ ఒక చిక్కు ఉంది. గేదెకు ఎదకాలంలో అండం దానంతటదే విడుదలవుతుంది. చీతాకు సాధారణంగా జత కలిసిన తరువాతే విడుదలవుతుంది. కాబట్టి ముందుగా హార్మోను ఇంజక్షన్లు ఇవ్వాలి. 2020లో అమెరికాలోని కొలంబస్ జూలో ఒక చీతా అండాన్ని ప్రయోగశాలలో ఫలదీకరించి, మరో చీతా గర్భంలో పెట్టారు. రెండు పిల్లలు పుట్టాయి.

మన హైదరాబాద్‌లోనూ లాకోన్స్ ప్రయోగశాల కృషితో 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా చుక్కల జింక పిల్ల పుట్టింది.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. క్యాను ఉన్న వైవిధ్యాన్నే దాస్తుంది, లేనిదాన్ని సృష్టించదు. మనదేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి 8 చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదలవలసి వచ్చింది. కరువు వచ్చాక విత్తనాలు వెతికితే ఏం లాభం? పంట ఉన్నప్పుడే దాచాలి. జంతువులూ అంతే. మంద నిండుగా ఉన్నప్పుడే వీర్యం దాచాలి, దానితోపాటు అడవినీ కాపాడాలి.