ఆడపడుచు సంతకం

పటమట, విజయవాడ

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా అక్కచెల్లెళ్లు చీర పుచ్చుకుని హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి పోతూనే ఉన్నారనీ, ఇంకెందుకీ ప్లీడరీ అనీ రాశావు. నీ కోపం నాకు నచ్చింది. వృత్తి మానేస్తాననడం మాత్రం నచ్చలేదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది దేశంలో మొదట మన రాష్ట్రమే. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన ఆ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు లేదన్నారు కాబట్టి నాకు అందలేదు. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా పట్టింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాల మీద ఇంత జరిగింది. ఇళ్లల్లో పంపకాల రోజున ఏం జరుగుతోందో నువ్వే రాశావు.

అందులో దుర్మార్గుడెవరో వెతకకు. అన్న అడిగితే కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమల కింద పొలం రాశాం, అమ్మానాన్నల్ని చూసేది మేమేగా అంటాడు. అబద్ధం కాదు. రేపు పుట్టింటి గడప తొక్కాలిగా అని చెల్లెలి భయం. పెళ్లిలో, చావులో ఆమె పక్కన నిలబడేది ఆ అన్నేనాయె. ఇక దస్తావేజు లేఖరి దగ్గర ఎప్పటిదో ముసాయిదా ఉంటుంది. పేర్లూ హద్దులూ మారుస్తాడు, ‘ప్రేమాభిమానములతో’ అన్న మాట మాత్రం అలాగే ఉంచుతాడు. కిందటేడు చేసినట్టే ఈ ఏడూ చేసినవాణ్ణి ఎవరూ నిలదీయరు. కొత్తగా చేసినవాడే ఊరందరికీ జవాబు చెప్పుకోవాలి. అందుకే ఎవరూ అడ్డుపడకుండానే మార్పు ఆగిపోతుంది. ఇళ్లల్లోనే కాదు, ఆఫీసుల్లోనూ ఇంతే. పాత ఫైలులో ఉన్నట్టు రాస్తే గుమాస్తాకి నిద్ర పడుతుంది.

అలాంటి చోట ముందడుగు వేసినవాళ్లూ ఉన్నారు. మన పటమటలోనే గోరాగారి నాస్తిక కేంద్రం ఉంది కదా. 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో ఇక్కడికి తెచ్చారు. నేను ఈనాటికీ కొండెక్కి దుర్గమ్మకు దణ్ణం పెట్టుకునేదాన్నే. దేవుడి విషయంలో ఆయనతో నాకు పొత్తు లేదు. కానీ అంటరానితనం తప్పని ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదాయన. అన్ని కులాలవాళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు. పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఆ పెళ్లి జరిపిస్తానని గాంధీగారు మాట ఇచ్చారు, ఆ జనవరిలోనే ఆయన పోయారు. అయినా పెళ్లి ఆగలేదు. కులం అందరూ తప్పనేదే, ముందు ఎవరింట్లో అన్న దగ్గరే అందరూ వెనక్కి జరుగుతారు. ఆయనా, భార్య సరస్వతీ గోరాగారూ తమ ఇంట్లోనే మొదలుపెట్టారు.

నువ్వు చేయగలిగిందీ అలాంటిదే. సంతకానికి వచ్చిన ఆడపిల్లను దెబ్బలాడకు, సిగ్గుపరచకు. అన్నదమ్ముల్ని బయట కూర్చోమని, ఆమెకు వచ్చే భాగం ఎంతో సెంట్లతో సహా తెలుగులో చదివి వినిపించు. పదిహేను రోజులు ఆలోచించుకోనివ్వు. రెండో ముసాయిదా కూడా సిద్ధంగా పెట్టుకో. అందులో ఆమె భాగం ఆమె పేరనే ఉంటుంది, కావాలంటే సాగు అన్నే చేస్తాడు. పుట్టిల్లూ నిలబడుతుంది, హక్కూ నిలబడుతుంది. అప్పటికీ ఆమె విడుదలే రాస్తానంటే రాయి. తెలిసి రాసింది, అంతవరకు నీ పని నువ్వు చేశావు.

అన్నిటికన్నా ముఖ్యం, తండ్రులు బతికుండగానే నీ దగ్గరికి వచ్చేలా చూడు. తండ్రి పోయాక కూతురు అడిగితే దాన్ని తగాదా అంటారు. తండ్రే కూర్చుని పంచి రిజిస్టరు చేయిస్తే ఎవరూ నోరెత్తరు. మా వీధిలో ఒకాయన అలాగే చేసి, బంధువులను భోజనానికి పిలిచి మరీ చెప్పాడు. మొదట గుసగుసలు పోయారు. తరవాత వాళ్లలో ఇద్దరు ఆ కాగితం నకలు అడిగి పట్టుకెళ్లారు.

రెండో ముసాయిదా రాయగానే నాకో కాపీ పంపు. మీ బాబాయికి ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. పొలం ఇంకా పంచలేదు. వదిన మాటంటే మీ బాబాయికి గౌరవం, నేనే కూర్చోబెట్టి అడుగుతాను. పంపకాల కాగితం మాత్రం నువ్వే రాయాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ