గొఱ్ఱెల కాపరుల చరిత్రను అచ్చువేసిన కళాశాల

అమెరికా సంయుక్త రాష్ట్రములకు నైఋతి భాగమున, ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రములలో వ్యాపించిన మెట్టప్రాంతమున నవాహో అను ఆదిమజాతి ప్రజలు నివసించుచున్నారు. తమ భాషలో వారు తమను 'డినే' అని చెప్పుకొందురు. ఆ మాటకు 'ప్రజలు' అని అర్థము. వారికి ప్రత్యేకింపబడిన భూభాగము సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు. అనగా ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైశాల్యములో సగమునకు కొంత తక్కువ. వానలు తక్కువ, ఎఱ్ఱని రాతినేల, లోతైన కనుమలు. గొఱ్ఱెలు, మేకలు వారి ప్రధాన సంపద. ఉన్ని వడకి మగ్గముపై నేసిన వారి కంబళ్లకు దేశదేశముల ప్రసిద్ధి కలదు. దుంగలతో కట్టి మట్టి కప్పిన గుండ్రని యిల్లు 'హోగన్'. మన కోస్తా జిల్లాల చుట్టిల్లు చూచినవారికి దాని ఆకారము కొంతవరకు ఊహకు అందును. దాని వాకిలి తప్పక తూర్పు ముఖముగా నుండును.

ఈ ప్రజలు 1968వ సంవత్సరమున తమ కొఱకు తామే ఒక కళాశాలను స్థాపించుకొనిరి. అమెరికాలో ఒక ఆదిమజాతి తన యాజమాన్యమున నెలకొల్పుకొన్న మొదటి కళాశాల అదియే. పేరు నవాహో కమ్యూనిటీ కళాశాల. కమ్యూనిటీ కళాశాల యనగా ఉన్నత పాఠశాల చదువు ముగిసిన తరువాత రెండేండ్ల చదువు చెప్పు విద్యాలయము. చుట్టుప్రక్కల ప్రజల అవసరములే దాని పాఠ్యప్రణాళికకు మూలము. వయస్సు మీఱినవారు, ఉద్యోగస్థులు, పిల్లల తల్లులు కూడ వచ్చి చేరవచ్చును. ఈ కళాశాలలో 1969 జనవరిలో తరగతులు ప్రారంభమైనవి. సొంత భవనములు లేకపోవుటచే మొదట మెనీ ఫార్మ్స్ అను చోట ఒక ఉన్నత పాఠశాల వసతులలోనే పాఠములు జరిగెను. 1973లో సేలీ అను చోటికి మారినది. అచ్చటి ఆవరణను హోగన్ వలె గుండ్రముగా తీర్చిరి. 1997 నుండి ఇది డినే కళాశాల యని పిలువబడుచున్నది.

ఇట్టి కళాశాల అమెరికాలో వందలకొలది కలవు. కాని ఈ చిన్న కళాశాల స్థాపితమైన కొలది కాలమునకే సొంత ప్రచురణశాఖను ఏర్పరచుకొని, తన చుట్టునున్న ప్రజలను గూర్చి, వారి నోటి మాటగానే, గ్రంథములను వెలువరించినది. ఆ సంగతిని చదువరులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

అంతకుముందు నవాహోలను గూర్చి పుస్తకములు లేకపోలేదు. సైన్యాధికారుల నివేదికలు, మతప్రచారకుల జ్ఞాపకములు, విశ్వవిద్యాలయ పండితుల పరిశోధనలు కావలసినన్ని కలవు. అవన్నియు బయటినుండి వచ్చి చూచి పోయినవారు వ్రాసినవి. ఇంటికి దూరముగా నెలకొల్పిన వసతి పాఠశాలలలో నవాహో బాలబాలికలు తమ భాష మాటలాడినందుకు శిక్షలు పొందిన కాలము అది. అట్టి పాఠశాలలలో వారు చదివిన చరిత్ర పుస్తకములలో తమ తాతల ఊసు ఉండిన నుండవచ్చును, కాని శత్రువులుగా మాత్రమే.

కళాశాలకు ముందే దీనికి దారి చూపినది రఫ్ రాక్ అను గ్రామము. 1966లో అచ్చట ఒక పాఠశాల స్థానిక నవాహోలతో కూడిన పాలకవర్గము చేతికి వచ్చినది. ఆ పాఠశాల పిల్లల కొఱకు నవాహో కథలతో, చరిత్రతో పుస్తకములు తయారుచేయించినది. దానికి సంచాలకుడుగా నుండిన రాబర్టు రోసెల్ కళాశాలకు మొదటి అధ్యక్షుడైనాడు. ఆయన భార్య రూత్ రోసెల్ నవాహో స్త్రీ. కళాశాలలో నవాహో అధ్యయన శాఖను నడిపినది ఆమెయే. 1969లో నెడ్ హతాత్లి అను నవాహో అధ్యక్షుడైనాడు.

పుస్తకములు తయారైన విధము తెలిసికొనదగినది. వృద్ధులు నవాహో భాషలోనే తమకు తెలిసినది చెప్పిరి. దానిని సేకరించి, ఆంగ్లములోనికి మార్చి అచ్చువేసిరి. నవాహో చిత్రకారులు బొమ్మలు గీసిరి. ఏ మాట ఎవరు చెప్పిరో వారి పేరు అచ్చట ఉండును. నవాహోలు క్రొత్తవారితో మాట మొదలుపెట్టునపుడు తల్లి వంశము పేరు ముందు చెప్పి, తరువాత తండ్రి వంశము పేరు చెప్పుదురు. మన గ్రామములలో ఇంటిపేరు అడిగి వరుస కలుపుకొన్నట్లే ఇదియు. అందువలన చదువువానికి చెప్పినవాడు ఎవరో, తనకు ఏమి కావలెనో తెలియును. పండితుని గ్రంథములో 'ఒక వృద్ధుడు చెప్పెను' అని యుండుటకును దీనికిని గల అంతరము చిన్నది కాదు.

1973లో వెలువడిన గ్రంథము 'దీర్ఘ పాదయాత్ర కాలపు నవాహో కథలు'. దాని వెనుకనున్న చరిత్రను కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. 1863లో జనరల్ కార్ల్‌టన్ ఆజ్ఞపై కిట్ కార్సన్ అను సేనాని నవాహోల పొలములను తగులబెట్టి, మందలను పట్టుకొని, తిండికి లేకుండ చేసెను. కాన్యన్ ద షే అను లోయలో తరతరములుగా పెంచుకొన్న పీచ్ పండ్ల చెట్లను సయితము సైనికులు వేలసంఖ్యలో నరికివేసిరి. 1864లో, ఆకలికి లొంగిపోయిన వారిని గుంపులు గుంపులుగా నడిపించి, ఐదు వందల కిలోమీటర్లకు మించిన దూరమున పేకోస్ నది ఒడ్డున బోస్కే రెడాండో అను చోటికి చేర్చిరి. ఎనిమిది వేలకు పైబడిన ప్రజలు అచ్చట నాలుగేండ్లు బందీలై యుండిరి. నదిలోని నీరు ఉప్పునీరు. వేసిన మొక్కజొన్నను పురుగు తినివేసెను. వంటచెఱకు లేక మెస్కీట్ అను తుమ్మజాతి పొదల వేళ్లను త్రవ్వి, మైళ్ల దూరము మోసికొని వచ్చిరి. వ్యాధులవలన, ఆకలివలన చాలమంది మరణించిరి. ఆ చోటును వారు 'హ్వేల్డి' యని నేటికిని పిలుతురు.

వారిని మఱింత దూరమునకు, ఇప్పటి ఓక్లహామాకు పంపవలెనని ప్రభుత్వ ప్రతినిధి జనరల్ షెర్మన్ తలపెట్టెను. బార్బొన్‌సీటో అను నవాహో నాయకుడు తమ కొండలకే పోనిమ్మని వాదించి నెగ్గెను. 1868 జూన్ 1వ తేదీన సంధి జరిగినది. ఆ సంధిపత్రములో రెండు నిబంధనలను చదువరులు గుర్తుంచుకొనవలెను. ఒకటి, బడికి వచ్చు ప్రతి ముప్పదిమంది పిల్లలకు ఒక బడియిల్లు, ఒక ఉపాధ్యాయుడు ఏర్పాటు చేయుట. రెండవది, మందలు పోగొట్టుకొన్న ప్రజలకు పదునైదు వేల గొఱ్ఱెలను, మేకలను ఇచ్చుట. మొదటి నిబంధన చాలకాలము కాగితముపైననే యుండెను. సరిగా నూఱేండ్లకు, 1968లో, ఆ ప్రజలే తమ కళాశాలను కట్టుకొనిరి. రెండవ నిబంధన ప్రకారము 1869లో జీవములు వచ్చినవి. కరవు దాటిన కుటుంబములు వానిని కోసికొని తినక పెంచి, ఆ మందలనే అరువది ఏండ్లలో లక్షలకు చేర్చిరి.

పాదయాత్రను స్వయముగా చేసినవారు 1973 నాటికి జీవించి యుండుట అసంభవము. గ్రంథములో మాటలాడినవారు వారి మనుమలు, మునిమనుమలు. తమ అవ్వలు చెప్పగా విన్నది చెప్పిరి. సైనికుల నివేదికలలో ఎన్ని బండ్లు, ఎంత పిండి, ఎందఱు బందీలు అను లెక్కలుండును. ఈ గ్రంథములో నడువలేక వెనుకబడినవారు ఏమైరో, క్రొత్తగా పంచిపెట్టిన గోధుమపిండిని ఎట్లు వండుకొనవలెనో తెలియని కడుపుల బాధ యెట్టిదో ఉండును. ఈ రెండు ఆధారములలో ఏది లేకున్నను ఆ కాలపు చరిత్ర కుంటుపడును.

మరుసటి సంవత్సరము, 1974లో, రూత్ రోసెల్, బ్రాడరిక్ జాన్సన్ సంకలనము చేసిన 'నవాహో పశువుల తగ్గింపు - జాతికి అవమానము' అను గ్రంథము వెలువడినది. పేరులోనే తీర్పు చెప్పిన పుస్తకము. ప్రభుత్వ శాఖలో పనిచేయుచున్న నాకు ఈ గ్రంథము సంగతి మిక్కిలి ఆలోచన కలిగించినది.

కథ యిది. 1930 ప్రాంతమునకు మందలు పెరిగి మేత చాలక, గడ్డి నశించి, నేల కోతకు గుఱియైనది. వాగులు గండ్లుపడి, మట్టి కొట్టుకొనిపోయి, కొలరాడో నదిపై అప్పుడు కట్టుచున్న హూవర్ ఆనకట్ట జలాశయమున పూడిక చేరునని ఇంజనీర్లు భయపడిరి. 1933లో ఆదిమజాతుల వ్యవహారముల కమీషనర్‌గా వచ్చిన జాన్ కోలియర్ మందలను తగ్గింపవలెనని నిశ్చయించెను. ఆయన దుర్మార్గుడు కాడు. ఆదిమజాతుల భాషలను, ఆచారములను నిలుపవలెనని పోరాడిన మనుష్యుడు. నేలకోత కూడ కట్టుకథ కాదు. ఐనను జరిగినది వినుడు. తగ్గింపునకు సమ్మతించినది పురుషులు కూర్చున్న సమితి. మేకలు, గొఱ్ఱెలు చాలవఱకు స్త్రీల సొత్తు. పేదయింటికి పాలు, మాంసము ఇచ్చునది మేక. ముందుగా పోయినది ఆ మేకయే. రైలు నిలయమునకు తోలుకొని పోవుట గిట్టదనిన చోట్ల వేలకొలది మేకలను అక్కడికక్కడే కాల్చి చంపి, కళేబరములను వదలివేసిరి. యజమానుల కన్నుల యెదుటనే యిది జరిగెను. 1869లో ప్రభుత్వము దానముగా కాదు, సంధి ప్రకారము బాకీగా ఇచ్చిన మంద సంతతిని, ఆ ప్రభుత్వమే వచ్చి చంపినదని వారు తలంచిరి. 1935లో కోలియర్ తెచ్చిన స్వపరిపాలన చట్టమును ఓటుకు పెట్టగా నవాహోలు త్రోసిపుచ్చిరి. చట్టములోని మంచిచెడ్డలకన్న మేకల మాటయే ఆ ఓటులో పనిచేసినది.

ఈ గ్రంథమున మాటలాడినవారు నలువది ఏండ్ల క్రిందటి సంగతిని కన్నులార చూచినవారు. వారి మాట ఏకపక్షము కాదా యని అడుగవచ్చును. ఏకపక్షమే. నేలకోత కొలతలు కావలసినవారు దీనిలో వెదకనక్కఱలేదు. కాని రెండవ పక్షమువారి నివేదికలు అదివఱకే బీరువాల నిండ కలవు. మేక పోయిన యిల్లాలు ఏమనుకొన్నదో ఆ బీరువాలలో లేదు.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో నేనొక మెట్ట గ్రామమునకు పోయి నేల సంరక్షణను గూర్చి గంటసేపు ఉపన్యసించితిని. గట్లు, సమోన్నత రేఖలు, మేత నియంత్రణము - అన్నియు చెప్పితిని. ముగించిన పిమ్మట ఒక ముదుసలి గొఱ్ఱెలకాపరి లేచి, "బాబుగారూ, తమరు చెప్పింది మా వాగు సంగతేనా? మరి ఆ వాగు ఏ ఏడు గండిపడిందో, అప్పుడు కొండమీద ఏ చెట్లు కొట్టారో తమకెవరూ చెప్పలేదా?" అని అడిగెను. నాకెవరును చెప్పలేదు. నేనడుగను లేదు. అటుపిమ్మట ఆయన చెప్పిన సంగతులు నా ఉపన్యాసము కంటె బాగుగానుండెను. కాని నేను వానిని వ్రాసికొనలేదు. ఆ కాపరి ఇప్పుడు లేడు.

కళాశాల వెలువరించిన తక్కిన గ్రంథములలో ఒకటి రెండు మాత్రము చెప్పెదను. 1977లో రెండవ ప్రపంచ యుద్ధమునందు నవాహోల అనుభవములను గూర్చిన పుస్తకము వచ్చినది. బడిలో ఏ భాషకు శిక్ష విధించిరో, 1942లో అమెరికా నావికా సైనికదళము ఆ భాషనే రహస్య సంకేతభాషకు ఆధారముగా కోరెను. మొదట 29 మంది యువకులు చేరి ఆ సంకేతములను కల్పించిరి. 1968 వఱకు దానిని ప్రభుత్వము రహస్యముగనే యుంచినది. 1977లోనే సంప్రదాయ జీవనపు ముచ్చటలు కల సంపుటము కూడ వెలువడినది.

అన్నింటిని అచ్చువేయలేదు. నక్కజాతికి చెందిన కొయోటి కథలను నవాహోలు శీతకాలమునందే చెప్పుదురు. ఉఱుములు మొదలైన తరువాత చెప్పరాదు. అట్టి నియమములున్న సమాజమున అచ్చు పుస్తకము ఏ ఋతువునందైనను తెఱవబడు వస్తువు. ఇది చిన్న చిక్కు కాదు. ఇంకొక లోపమును కూడ చెప్పవలెను. చెప్పినది నవాహో భాషలో, అచ్చైనది ఆంగ్లములో. నవాహో లిపి 1940 ప్రాంతమున రాబర్టు యంగ్, విలియం మోర్గన్ అనువారి కృషివలన స్థిరపడినను, చదువగలవారు తక్కువ. కాబట్టి కథ చెప్పిన అవ్వకు తన మాట ఉన్న పుస్తకమును ఇంకొకరు చదివి మరల నవాహోలో వినిపింపవలసి వచ్చును.

మనకిట్టి పని క్రొత్త కాదు. రెండు వందల ఏండ్లకు పూర్వమే కర్నల్ మెకంజీ కొఱకు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలనుండి, పెద్దల నోటినుండి గ్రామ చరిత్రలను సేకరించిరి. అవియే కైఫీయతులు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ కాగితములను బ్రౌను దొర ప్రతులు వ్రాయించెను. చెఱువు ఎవరు త్రవ్వించిరి, గుడి మాన్యము ఎంత, ఊరు ఏ కరవులో పాడుపడి మరల ఎప్పుడు కట్టిరి - ఇవన్నియు అందు కలవు. కాని కైఫీయతు చెప్పినవాడు తఱచు కరణమే. గొఱ్ఱెల కాపరి, కుమ్మరి, నాట్లు వేయు కూలి స్త్రీ అందులో నోరు విప్పుట అరుదు.

గ్రామ గ్రంథాలయములు, ఉపాధ్యాయులు, జూనియర్ కళాశాలల విద్యార్థులు ఈ పని చేయదలచిన యెడల ధనము ఎక్కువ అవసరము లేదు. చేతిలోని ఫోనే మాటను పట్టియుంచును. వాగును గూర్చి గాని, చెఱువును గూర్చి గాని, ఒక్క సంగతిని మాత్రము ఎన్నుకొని అడుగవలెను. 'మీ ఊరి చరిత్ర చెప్పుడు' అని అడిగిన వారికి గుడి కథ తప్ప వేఱొండు దొరకదు. చెప్పినవారి పేరు, ఇంటిపేరు, వయస్సు, తేదీ వారి సమ్మతితో వ్రాయవలెను. వారి పలుకుబడిని దిద్దరాదు. వ్రాసినదానిని అచ్చుకు ముందు వారికే చదివి వినిపింపవలెను. తమ మాట కాదనిన భాగమును తీసివేయవలెను. స్త్రీలను వేఱుగా, వారి యిండ్లలో, వారి పని సందున అడుగుట మేలు.