బాబ్‌క్యాట్ కొంటానన్న అల్లుడికి

రాచర్ల



నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు గిద్దలూరు పోయి ఫైనాన్సు వాళ్లతో మాట్లాడి వచ్చావట, బాబ్‌క్యాట్ కొంటానంటున్నావట. "వాడికి వద్దని చెప్పరా తమ్ముడూ" అంది. నేను వద్దని చెప్పను. అలాగని కొనమనీ చెప్పను. ఫోన్లో చెబితే సగం వింటూ సగం వీడియోలు చూస్తావని ఈ కాగితం పట్టుకున్నాను.

పసుపుపచ్చ బండి ఏది కనిపించినా మనవాళ్లు జేసీబీ అన్నట్టే, స్కిడ్ స్టీర్ లోడర్ ఏ కంపెనీదైనా మనకు బాబ్‌క్యాటే. దాని పుట్టుక నీకు తెలియాలి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, రాత్సే అనే చిన్న ఊళ్లో సిరిల్ కెల్లర్, లూయీ కెల్లర్ అనే అన్నదమ్ములు రిపేరు షెడ్డు నడుపుకునేవాళ్లు. టర్కీ కోళ్లు పెంచే రైతొకడు వాళ్ల దగ్గరికి వచ్చాడు. అతని షెడ్డు నిండా స్తంభాలు, పైన ఇంకో అంతస్తు. ట్రాక్టర్ లోపల తిరగదు, బరువు బండి పైకెక్కితే నేల ఆగదు. పెంట ఎత్తడానికి ఆ అన్నదమ్ములు 1957లో తేలికపాటి మూడు చక్రాల బండి చేసిచ్చారు. తర్వాత మెల్రో కంపెనీ దాన్ని తీసుకుంది. 1960లో నాలుగో చక్రం వచ్చింది, 1962లో బాబ్‌క్యాట్ అన్న పేరొచ్చింది. అంటే ఇది ఇరుకు షెడ్డులో పెంట ఎత్తడానికి పుట్టిన బండి. నువ్వేమో దాన్ని చెరువుల్లోకి, చేలల్లోకి తోలాలనుకుంటున్నావు. పనికిరాదని కాదు, కానీ ఆ పుట్టుకను మర్చిపోయి కొనకు.

దీనికి స్టీరింగు చక్రం ఉండదు, ముందు చక్రాలు పక్కకు తిరగవు. ఎడమవైపు రెండు చక్రాలు ఒక హైడ్రాలిక్ మోటారుతో, కుడివైపు రెండూ ఇంకో మోటారుతో నడుస్తాయి. గొర్రు తోలేటప్పుడు చేను చివర మీ తాత ఒక ఎద్దును నిలబెట్టి రెండోదాన్ని అదిలించేవాడు చూడు, అట్లా తిరుగుతుంది. ఉన్నచోటే గిర్రున తిరుగుతుందని మురిసిపోతాం గానీ, ఆ తిరగడం చక్రాలను నేలమీద అడ్డంగా ఈడ్చుకుంటూ తిరగడం. సిమెంటు నేల మీదైతే రబ్బరు అరుగుతుంది, అంతే. మన ఎర్ర కంకర నేల మీదైతే టైరును రంపం పెట్టి కోసినట్టే. వాన పడ్డ నల్లరేగడిలో నాలుగుసార్లు తిప్పావంటే గుంట తవ్వుకుని దాంట్లోనే కూర్చుంటుంది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల ఆవరణల్లో పలకరాయి ముక్కలు కత్తుల్లా ఉంటాయి. అక్కడ గాలి టైరు పక్కగోడ చీలడానికి ఒక్క మలుపు చాలు. గట్టి రబ్బరు టైర్లు వేసుకుంటే పంచరు బాధ పోతుంది, బదులుగా నీ నడుముకు బాధ మొదలవుతుంది. ఈ బండికి స్ప్రింగుల్లాంటివేమీ ఉండవు, ప్రతి గుంతా నీ వెన్నెముకకు తెలుస్తుంది.

అందుకని షోరూముకు వెళ్లేముందు, వచ్చే ఆరు నెలల్లో నీకు పని ఇచ్చేదెవరో కాగితం మీద రాసుకో. బత్తాయి తోటకు పైపులైను కాలువలు, పునాదులు, చెరువు మట్టి తవ్వి ట్రాక్టర్ ట్రక్కుల్లోకి ఎత్తడం, ఇవే ఎక్కువగా ఉంటే ఈ బండి మాట మర్చిపో. ఆ పనులు జేసీబీవి. దానికి వెనక తవ్వే చెయ్యి ఉంది, ఏడెనిమిది టన్నుల బరువుంది, అన్నిటికీ మించి రోడ్డు మీద తనంతట తాను నడిచి వెళ్తుంది. బాబ్‌క్యాట్‌ను కంభానికో తర్లుపాడుకో పంపాలంటే లారీ ఎక్కించాలి. రెండు గంటల పనికి పోను రాను లారీ కిరాయి ఎవరిస్తారు? రైతు ఇవ్వడు. ఈ లెక్క వేసుకోకుండా దిగినవాళ్ల బండ్లు ఎక్కువగా ఇంటిముందే ఉంటాయి.

మరి ఎక్కడ గిట్టుతుంది? ఒకేచోట రోజూ పని దొరికే దగ్గర. డెయిరీ షెడ్లు, గోడౌన్లు, జేసీబీ దూరలేని సందుల్లో సీసీ రోడ్డు పనులు, పలకలు పేర్చిన చెక్కపెట్టెలు ఫోర్కుతో ఎత్తి లారీలో పెట్టడం. నన్నడిగితే మన ప్రాంతంలో ఈ బండికి ఆ పలకల ఆవరణలే అసలు చోటు. నెలకింతని మాట్లాడుకుని బండిని అక్కడే ఉంచాలి.

ఇక బండి కొలతలు. సేల్స్‌మన్ ముందు హార్స్‌పవర్ చెబుతాడు. నువ్వు అడగాల్సింది ఎంత బరువు సురక్షితంగా ఎత్తుతుందని. ఎంత బరువు పెడితే బండి ముందుకు తూలుతుందో, టైర్ల బండికి దాంట్లో సగాన్నే ఎత్తే సామర్థ్యంగా రాస్తారు. 1,400 కిలోలకు తూలే బండి 700 కిలోల బండి అన్నమాట. తడి ఒండ్రుమట్టి ఘనమీటరు సుమారు 1,700 కిలోలు తూగుతుంది. 0.4 ఘనమీటర్ల బకెట్ నింపితే 680. అంటే అంచుకొచ్చినట్టే. ఎండిన పశువుల ఎరువుకు అదే బకెట్ చిన్నదనిపిస్తుంది. బకెట్ పెద్దదని సంబరపడకు, దేంతో నింపుతావో చూడు.

బకెట్‌ను ఎత్తే చేతుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది. సగం ఎత్తులో బాగా ముందుకు చాస్తుంది, నేల గీకడానికి మంచిది, పిన్నులు తక్కువ, రిపేర్లూ తక్కువ. ఇంకోటి దాదాపు నిటారుగా లేస్తుంది. పైకి వెళ్లాక కూడా ముందుకు అందుతుంది కాబట్టి లారీలు నింపేవాడికి ఇదే కావాలి. ట్రాక్టర్ ట్రక్కుకు ఏదైనా సరిపోతుంది. ఎత్తు గోడల టిప్పర్ అయితే మాత్రం టేపు పట్టుకుని కొలుచుకో. బకెట్ వంచినప్పుడు దాని పళ్లు ఎంత ఎత్తున ఉంటాయన్నదే లెక్క, పైకెత్తినప్పటి ఎత్తు కాదు.

పాత బండి చూస్తున్నావని కూడా విన్నాను. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లు. నువ్వు వచ్చేసరికే వేడెక్కించి పెట్టి ఉంటే అనుమానించు. అవర్ మీటర్‌ను నమ్మకు, లివర్ల పిడులూ సీటూ చూడు. వెయ్యి గంటల బండికి పిడి నున్నగా అరిగి ఉండదు. బకెట్‌ను నేలకు ఆనించి కొద్దిగా ఎత్తి దించితే పిన్నుల దగ్గర ఎంత వదులుందో కంటికే తెలుస్తుంది. బకెట్ నింపి, చేతులు నడుమెత్తు లేపి, ఇంజను ఆపి పది నిమిషాలు దూరంగా నిలబడి చూడు. మెల్లగా దిగుతుంటే సిలిండర్ సీళ్లో వాల్వులో పోయినట్టు. రేడియేటర్ తెరిపించు. మన మే నెల ఎండలో, ఎర్రదుమ్ములో అది మూసుకుపోతే మధ్యాహ్నానికి బండి పడుకుంటుంది. రోజూ గాలి కొట్టి శుభ్రం చేయడానికి సులువుగా తెరుచుకునే బండైతే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకో.

ఒక సంగతి మీ అమ్మకు చెప్పకు. నేను ఈ బండి నేర్చుకునే రోజుల్లో ఖాళీ బకెట్‌తో చెరువుకట్ట ఎక్కబోయాను, ముందుకు చూస్తూ. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఇంజను బరువంతా వెనకే కదా. బెల్టు పెట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, బకెట్ నేలకు దించి బయటపడ్డాను. అప్పటినుంచీ ఒకటే పద్ధతి: బరువున్న వైపు ఎప్పుడూ మిట్టకే ఉండాలి. ఖాళీగా ఎక్కితే వెనక్కి నడుపుతూ ఎక్కు, నిండుగా ఎక్కితే ముందుకు. దిగేటప్పుడూ ముఖం మార్చకు. ఎత్తిన చేతుల కింద, వాటి లాకు వేయకుండా తల పెట్టకు, నిమిషమే కదా అని కూడా వద్దు. హోసు పైపు ఎక్కడ కారుతుందో వేలితో వెతకొద్దు. సూదిమొన లాంటి బెజ్జంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడు.

శనివారం నాకు ఖాళీ. ఆ పాత బండి ఎక్కడుందో చెబితే ఇద్దరం తెల్లవారేసరికి అక్కడుందాం. టేపు, టార్చిలైటు, అట్ట ముక్క నేను తెస్తాను. పని ఇస్తామన్న వాళ్ల పేర్లు రాసిన కాగితం నువ్వు తీసుకురా. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య