బస్రా ప్రయాణానికి ముందు

చిరంజీవి మేనల్లుణ్ణి పామర్రు నుండి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

ఇరాక్‌లోని బస్రా చమురు క్షేత్రాల్లో ఉద్యోగం కుదిరిందన్న వార్త ఇంటిల్లిపాదికీ సంతోషం కలిగించింది. ఆ సంతోషానికి అడ్డు రావడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. అయితే యుద్ధాల్లో నలిగిన దేశానికి, ఇరుగుపొరుగున ఏ కయ్యం రాజుకున్నా సెగ తగిలే దేశానికి వెళ్లేవారు టికెట్టూ వీసా చేతికి రావడంతో, పెట్టెలు సర్దుకోవడంతో సన్నాహం పూర్తయిందనుకుంటే పొరపాటు. ఎప్పుడు బయలుదేరాలో కంపెనీ చెబుతుంది. ఏ పరిస్థితి వస్తే ఉద్యోగం వదిలి తిరిగి రావాలో మాత్రం ఎవరూ చెప్పరు కనుక, అది ప్రయాణానికి ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. తక్కిన జాగ్రత్తలన్నీ దాని తరవాతే.

జరిగిన సంగతులు చూస్తే ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న భారతీయుల్లో కోనసీమ, కడప ప్రాంతాలవారు కూడా ఉన్నారు. ఎందరో బస్సుల్లో బస్రా, బాగ్దాద్‌ల మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకోగా, అక్కడి నుండి ఎయిరిండియా సుమారు రెండు నెలల పాటు 500కు దగ్గరగా విమానాలు నడిపి దాదాపు 1,70,000 మందిని స్వదేశానికి చేర్చింది. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ ఉగ్రవాదుల చేతికి చిక్కినప్పుడు బందీలైన 39 మంది భారతీయ కార్మికులు ప్రాణాలతో లేరన్న సంగతి 2018 మార్చిలో గాని ధ్రువపడలేదు. ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరి 15నే భారత రాయబార కార్యాలయం అడ్వైజరీ, అంటే స్వదేశీయులకు జారీ చేసే హెచ్చరిక ప్రకటన, వెలువరించి విద్యార్థులను తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లమని సూచించింది. తరగతులు పోతాయని కొందరు, విమాన చార్జీలు మండిపోతున్నాయని కొందరు ఆగారు. 24న యుద్ధం మొదలై గగనతలం మూతపడింది. ఆ తరవాత తెలుగు పిల్లలు హాస్టళ్ల నేలమాళిగల్లో రాత్రులు గడిపి, గడ్డకట్టే చలిలో సరిహద్దుల దాకా నడిచి, భారత ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానాలెక్కి ఇల్లు చేరారు. అప్పుడు దొరికిన వ్యవధి తొమ్మిది రోజులు. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడి చేసినప్పుడైతే ఇరాక్ ఆ రోజే తన గగనతలాన్ని మూసివేసింది, ఒక్క రోజు వ్యవధి కూడా లేదు.

కాబట్టి చిరంజీవి బయలుదేరే ముందు ఒక తెల్ల కాగితం మీద మూడు షరతులు రాసి, తల్లిదండ్రుల చేత కూడా సంతకం చేయించాలి. బాగ్దాద్‌లోని భారత రాయబార కార్యాలయం వెళ్లిపొమ్మని మొదటిసారి సూచించిననాడే టికెట్టు కొనడం, రెండో ప్రకటన కోసం ఎదురుచూడకపోవడం మొదటి షరతు. కంపెనీ తన ఇతర విదేశీ ఉద్యోగులను వెనక్కి పంపడం మొదలుపెట్టినా, వరుసగా రెండు నెలలు జీతం ఆపినా తిరిగి రావడం రెండోది. తిరుగు ప్రయాణానికి చాలినంత డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచి, ఎంత అవసరం వచ్చినా దాన్ని ఇంటికి పంపకపోవడం మూడోది. ప్రమాదం కళ్లెదుట కనిపిస్తున్నా మనిషిని అక్కడే కట్టిపడేసేది చాలాసార్లు అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు పోసిన డబ్బు తీరేదాకా రాలేమనుకునేవారు ఎందరో. విదేశీ ఉద్యోగం ఇప్పించే రిజిస్టర్డ్ ఏజెంటు చట్టప్రకారం తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. అంతకు మించి అడిగినవాణ్ణి అక్కడే వదిలేయాలి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చన్న మాట ఎవరన్నా నమ్మకూడదు.

ఇరాక్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేవారిలో పదో తరగతి పాసు కానివారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వం కాంట్రాక్టును పరిశీలించి ఇచ్చే అనుమతి, తప్పనిసరిగా పొందాలి. డిప్లొమా చదివిన చిరంజీవికి ఆ అవసరం లేదు, కాని ఆ వెసులుబాటు వల్లనే అతని కాంట్రాక్టును చూసే కన్ను కూడా లేకుండా పోతుంది. అందుచేత రాయబార కార్యాలయంలోనూ, ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీలోనూ స్వచ్ఛందంగా పేరు నమోదు చేసుకుని, ఆ సొసైటీ నిర్వహించే ప్రవాసాంధ్ర భరోసా బీమా వివరాలు కనుక్కోవాలి. సాధారణ ప్రయాణ బీమాలో యుద్ధం వల్ల కలిగే నష్టానికి సామాన్యంగా మినహాయింపు ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క పేరా అయినా చదవాలి. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకుంటానంటే ఒప్పుకోకూడదు. అది చేతిలో లేనివాడు సరిహద్దు దాకా వెళ్లగలడే తప్ప దాటలేడు.

ఆరోగ్యం విషయానికి వస్తే, బాంబుల కంటే ముందు భయపడవలసింది అక్కడి నీటికి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి షత్ అల్ అరబ్ పేరుతో బస్రా పక్కగా పారుతాయి. ఎగువన ప్రవాహం తగ్గిన కొద్దీ, కృష్ణకు నీరు రాని ఏళ్లలో నాగాయలంక, కోడూరు వైపు ఉప్పునీరు ఎగదన్నినట్లే, అక్కడ సముద్రం నదిలోకి ఎక్కుతుంది. 2018 వేసవిలో ఆ ఉప్పుకు మురుగూ రసాయనాలూ తోడై, బస్రాలో కనీసం 1,18,000 మంది ఆసుపత్రుల పాలయ్యారు. యుద్ధాలూ ఆంక్షలూ పాడుపెట్టిన నీటి వ్యవస్థ ఎన్నేళ్లకూ కోలుకోకపోవడమే దీనికి మూలం. తుపాకులు ఆగినా రోగం ఆగదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఉప్పూ రసాయనాలూ పోవు, పైగా చిక్కబడతాయి. కనుక తాగడానికే కాదు, పళ్లు తోముకోవడానికి కూడా సీలు తీయని సీసా నీళ్లే వాడాలి. ఐసుముక్కలు, పచ్చికూరలు మానుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపే పొడి, వెంటనే మొదలుపెట్టాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలగొట్టి కలిపితే సరిపోతుంది.

టీకాలు ప్రయాణం ముందురోజు వేయించుకునేవి కావు. హెపటైటిస్ బి మూడు మోతాదులకు సాధారణంగా ఆరు నెలలు పడుతుంది, హెపటైటిస్ ఎ రెండో మోతాదు ఆరు నెలల తరవాత వస్తుంది, టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు పడాలి. ధనుర్వాతం టీకా వేసి పదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. ప్రయాణం ఖాయమైన ఈ వారంలోనే విజయవాడలో వైద్యుణ్ణి కలిసి వరుస రాయించుకుని, పనిలో పనిగా పళ్లు కూడా చూపించుకోవడం మంచిది. దక్షిణ ఇరాక్‌లో, ముఖ్యంగా బస్రా పొరుగున ఉన్న ధీఖార్ ప్రాంతంలో, 2022లో క్రిమియన్ కాంగో జ్వరం ప్రబలింది. పశువుల మీది పిడుదుల ద్వారా, కోసిన పశువు నెత్తురు ద్వారా సోకే ఈ జ్వరం ముదిరితే రక్తస్రావమవుతుంది. పశువులను కోసే చోటికి పోకపోవడమే దీనికి మొదటి జాగ్రత్త. ఎండ 50 డిగ్రీలు తాకే చోట రోహిణి కార్తె ఎండలకు అలవాటు పడ్డ ఒళ్లు కదా అని ధీమా పనికిరాదు, మొదటి రెండు వారాలు బరువు పని కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

రోజూ వాడే మందులు మూడు నెలలకు సరిపడా, జెనరిక్ పేర్లు, అంటే కంపెనీ పెట్టిన పేర్లు కాక మందుల అసలు పేర్లు, రాసిన చీటీతో సహా తీసుకువెళ్లాలి. ట్రామడాల్, కోడీన్ వంటి నొప్పి, దగ్గు మందులను గల్ఫ్ దేశాల్లో మత్తు పదార్థాలుగా చూస్తారు. విమానం దుబాయిలోనో దోహాలోనో మారవలసి రావచ్చు కనుక ఆ చట్టం దారిలోనే తగులుతుంది. గసగసాల సంగతీ అంతే. తల్లి ప్రేమతో కట్టే మసాలా పొడిలో గుప్పెడు గసగసాలు ఉన్నా జైలు తప్పకపోవచ్చు. ఊళ్లో ఎవరైనా తమవాళ్లకు ఇవ్వమని పొట్లం తెస్తే విప్పి చూడాలి, విప్పనివ్వకపోతే తీసుకోకూడదు. మొహమాటం ఇక్కడ కూడదు.

బస్రా నేలలో 1980–88 నాటి ఇరాన్–ఇరాక్ యుద్ధపు మందుపాతరలు ఇంకా మిగిలి ఉన్నాయి. వరదలకు అవి పాతిన చోటు నుండి జరిగిపోతాయి కూడా. ఎర్ర రంగు పూసిన రాయి, పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర పలక కనిపిస్తే అక్కడితో ఆగాలి. అవి లేనిచోట కూడా మూత్రవిసర్జనకైనా సరే తారురోడ్డు దిగి పొదల్లోకి పోకూడదు. తుప్పుపట్టిన లోహపు ముక్కను కాలితో తన్నడం, చేత్తో తీయడం ప్రాణాంతకం. తెలియక మందుపాతరలున్న చోట అడుగుపెడితే కదలకుండా నిలబడి కేకవేసి సాయం పిలవాలి. కాల్పులో పేలుళ్లో వినిపిస్తే కిటికీ దగ్గరకు పోకుండా, వీధికీ మనిషికీ మధ్య రెండు గోడలు ఉండే చోట నేలకు ఆనుకుని ఉండాలి. మొదటి గోడ పేలుడు ధాటిని తీసుకుంటే రెండోది శకలాలను ఆపుతుంది. చెక్‌పోస్టులనూ సైనికులనూ ఫోటో తీయరాదు. పాస్‌పోర్టు, దాని నకళ్లు, చిన్న నోట్లలో డాలర్లు, మందులు, నీళ్లు, ఛార్జర్, నంబర్లు రాసిన కాగితం ఉన్న చేతిసంచి ఒకటి మంచం పక్కనే ఉండాలి. ఫోన్ చచ్చిపోయినప్పుడు ఆ కాగితమే దిక్కు.

చివరిగా, ఈ ఉత్తరాన్ని అక్కా బావలకు చదివి వినిపించాలి. వారానికి ఏ రోజు, ఏ వేళకు ఫోన్ రావాలో, రాకపోతే ఎన్ని గంటలు ఆగాలో, ఆ తరవాత కంపెనీకీ రాయబార కార్యాలయానికీ విషయం తెలిపి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు ఎవరు పెట్టాలో వారితోనే నిర్ణయించుకోవాలి. రమ్మన్న హెచ్చరిక వచ్చిననాడు ఇంకొక్క నెల ఓపిక పట్టమనీ, అప్పు తీరేదాకా ఉండమనీ వారి నోట ఒక్క మాట రాకూడదన్నది మేనమామ వేడికోలు. మూడు షరతుల కాగితం మీద ముందుగా వారే సంతకం చేయాలి.

ఆశీస్సులతో,
మేనమామ,
పామర్రు, కృష్ణా జిల్లా